నిలువు నొప్పి

ఆ కొట్టులో కుర్చీ ఉండకూడదని చెప్పింది మీరే. గాలివానా కాదు, గ్రహచారమూ కాదు, మీరే. అటూ ఇటూ తిరిగే మెత్తని కుర్చీల్లో నడుం వాల్చి, "అమ్మేవాళ్ళు కూర్చుని కనిపిస్తే కొట్టుకు కళ పోతుంది" అని తీర్మానం చేసింది మీరు. కొట్టుకు కళ! ఆ మాట అన్నప్పుడు మీలో ఒక్కడికైనా మోకాళ్ళ నొప్పి గుర్తురాలేదా? మీ ఇంట్లో కాళ్ళు వాచిన తల్లి ఒక్కతి లేదా? ఒక్క పూట ఆ కౌంటరు వెనక నిలబడి ఉంటే సాయంత్రానికి కుర్చీ మీరే మోసుకొచ్చి వేసేవాళ్ళు. మీరు రాలేదు. కాబట్టి అక్కడ ఒక పూట ఎలా గడుస్తుందో ఇక్కడైనా వినాల్సిందే.

ఆమె చేతుల్లో రెండు మెడదిండ్లు ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి బూడిదరంగు. ఎదుట నిలబడ్డ లావుపాటి పెద్దమనిషి రెంటినీ మార్చి మార్చి నొక్కుతున్నాడు, సంతలో వంకాయలు నొక్కినట్టు.

"ఏది మెత్తగా ఉంటుంది?"

"రెండూ ఒకటేనండీ. రంగే తేడా."

"నువ్వు వాడి చూశావా?"

"మేం అమ్ముతామండీ, వాడం."

ఆయన నవ్వి, రెండూ వదిలేసి, కొక్కేనికి వేలాడుతున్న ఆకుపచ్చది లాక్కున్నాడు. వెనక నుంచి ఇంకెవరో ఛార్జరు అడిగారు. ఆ పక్కన ఒకామె పిల్లని చంకనేసుకుని చిన్న టూత్‌పేస్టు, చిన్న సబ్బు, "ఏదైనా సరే త్వరగా" అంటోంది. ఎవరి కళ్ళూ కౌంటరు మీద లేవు, అన్నీ తలపైన వేలాడే బోర్డు మీదున్నాయి. బోర్డు మీద అన్ని విమానాలకూ ఒకటే మాట: ఆలస్యం. అద్దాల గోడ అవతల వాన విరగబడి కురుస్తోంది.

తనిఖీలు దాటాక, గేట్లకు పోయే దారి నడిమధ్యన ఉంటుంది ఆ కొట్టు. నాలుగు వైపులా తెరిచే ఉంటుంది. ఆనుకుందామంటే గోడ కూడా లేదు. తాళాలు, కళ్ళగంతలు, చెవుల్లో పెట్టుకునే దూది బిరడాలు, దేశానికో ఆకారంలో ప్లగ్గులు, మేజోళ్ళు, నీళ్ళ సీసాలు, వీటన్నిటి మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా. ఆ జాగాలో ఆమె.

చిన్న మనిషి. గడ్డం కింద పాత కాలిన మచ్చ. బిగించి ముడేసిన జుట్టులో చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు. కంపెనీ ఇచ్చిన ఎర్ర కోటు భుజాల దగ్గర వదులు, చేతుల దగ్గర పొట్టి. ఎవరి కొలతలకు కుట్టారో ఆ కుట్టినవాడికే తెలియాలి. జేబు మీద ప్లాస్టిక్ ముక్కలో ఆమె పేరు ఉంది కానీ దాన్ని చదివినవాడు లేడు. చుట్టుపక్కల కొట్లవాళ్ళకు ఆమె దిండ్లక్క. "మా ఆయన పరుపులు కుడతాడు, నేను దిండ్లు అమ్ముతాను, ఇంట్లో మాత్రం ఒక్కరికీ కంటినిండా నిద్ర లేదు" అని తన మీద తనే వేసుకునే జోకు ఒకటుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ అది చెప్పి నవ్వించేది.

ఇవాళ నవ్వడం లేదు. ఏళ్ళ అలవాటుగా బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమ కాలిని వేళ్ళ మీద ఆనించి నిలబడింది. ఎడమ పిక్క వాచి, ప్యాంటు గుడ్డకు అతుక్కుపోతోంది. ముట్టుకుంటే వేడి. నాలుగు రోజులుగా ఈ వాపు.

పొద్దున కూతురు మంచం పక్కన గొంతుక్కూర్చుని ఆ పిక్క మీద బొటనవేలితో నొక్కింది. నొక్కిన చోట గుంట పడి, ఎంతసేపటికీ పైకి లేవలేదు.

"అమ్మా, ఇది మీ నిలువు నొప్పి కాదే. ఒక్క కాలే వాచింది చూడు."

"రెండూ ఒకేసారి వాయడానికి అవేమన్నా కవలపిల్లలా?"

"నవ్వులాట కాదు. సాయంత్రం డాక్టరు దగ్గర పేరు రాయిస్తున్నా. ఇవాళ తప్పితే మళ్ళీ వారం దాకా ఆయన మన వీధికి రాడు. నేను ముందే పోయి కూర్చుంటా. నువ్వు డ్యూటీ నుంచి నేరుగా అక్కడికే రా."

"వస్తాలే."

"వస్తాలే కాదు, రావాలి. రాకపోతే నేనే వచ్చి మీ ఎయిర్‌పోర్టు గుమ్మం ముందు అరుస్తా."

"అరుచుకో తల్లీ. విమానాల మోతలో ఎవరికి వినపడుతుంది?"

పరుపులు కుట్టే మనిషి గుమ్మం దగ్గర సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు. "అది చెప్పినట్టు చెయ్. నీ కాలికి దూది కుక్కి కుట్టడం నావల్ల కాదు." ఆయన భాషలో ప్రేమ అంటే అదే.

నిలువు నొప్పి అంటే ఏమిటో ఆ కట్టడంలో కొట్లవాళ్ళందరికీ తెలుసు. సెంట్లు అమ్మే పిల్లకి ఉంది, పుస్తకాల కొట్టు ముసలాయనకి ఉంది. సాయంత్రానికి పిక్కలు రాళ్ళవుతాయి. ఇంటికి పోయి గట్టిగా పిసికించుకుంటారు, పొద్దున్నే మళ్ళీ వస్తారు. అది జబ్బని ఎవరూ అనుకోరు. జీతంతోపాటు వచ్చేదే అనుకుంటారు.

జనం కొంచెం పలచబడగానే ఆమె కౌంటరు కింద ఉన్న ఫోను ఎత్తింది. అది అదే కంపెనీవాళ్ళ పెద్ద కొట్టుకు మాత్రమే మోగే ఫోను. సొంత ఫోన్లు సిబ్బంది గుమ్మం దగ్గర పెట్టెలో పడేసి రావాలి.

"సార్, దిండ్ల కౌంటరు నుంచి. రెండో పూట పిల్ల ఇంకా రాలేదు."

"ఆ పిల్ల ఇవాళ సెలవని చెప్పాగా. బదులు రిలీవర్ని పంపిస్తున్నా. పది నిమిషాలు." అన్ని కౌంటర్లూ చూసుకునే ఫ్లోర్ సారు గొంతు వెనక జనం గోల.

"మధ్యాహ్నం నుంచీ అదే పది నిమిషాలు సార్. నిన్ననే చెప్పాను కదా, డాక్టరు దగ్గరకి పోవాలని."

"వాన చూస్తున్నావా లేదా? విమానం కదిలితేనా? జనమంతా ఇక్కడే పడ్డారు. మనుషుల్ని ఎక్కడి నుంచి తేను, జేబులోంచి తీయనా?"

"కాలు బాగా..."

"నాకు మాత్రం కాళ్ళు లేవా అక్కా? పది నిమిషాలు."

పెట్టేశాడు. ఆమె తమ్ముడి ఈడువాడు. అతన్ని తిట్టి లాభం లేదు, అతనూ నిలబడేవాడే, అతని చెవిలోనూ ఇంకొకడు అరుస్తూ ఉంటాడు. గొలుసులో చివరి కొక్కెం అతను. గొలుసు ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసు.

వదిలేసి పోవచ్చు కదా, అంటారు మీరు. పోవచ్చు. కౌంటరు వదిలేసి పోయినవాళ్ళకు మర్నాడు సిబ్బంది గుమ్మం తెరుచుకోదు. పోకపోయినా, కాసేపు కింద కూర్చోవచ్చు కదా? పైన నల్ల గాజుబుడ్డి ఒకటి ఉంది, దాని లోపల కెమెరా. పోయిన ఎండాకాలం ఇదే కౌంటరులో ఒక పిల్ల సరుకొచ్చిన అట్టపెట్టె మీద కాసేపు కూర్చుంది. అంతే, కాసేపే. ఫోను మోగింది. మర్నాటి నుంచి ఆ పిల్ల లేదు. అందరూ ఆమెను అట్టపెట్టె పిల్ల అని చెప్పుకుంటారు, గొంతు తగ్గించి.

ఎవరో నీళ్ళ సీసా కొన్నారు. తర్వాత ఇంకొకరు. రోజంతా నీళ్ళు అమ్ముతుంది, తను తాగదు. తాగితే పోవాలి. పోవాలంటే రిలీవరు రావాలి. రిలీవరు రాదు. అందుకని పొద్దున ఇంట్లో తాగిన గుక్కెడే. నాలుక అంగిలికి అంటుకుపోతుంటే నోట్లో లవంగం ముక్క అటూ ఇటూ తిప్పుకుంటుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అది ఇదే.

అద్దాల అవతల వెలుతురు తగ్గుతోంది. డాక్టరు ఈపాటికి వచ్చే ఉంటాడు. కూతురు బల్ల మీద పక్కన తన సంచీ పెట్టి, "మా అమ్మ వస్తుందండీ" అని అందరికీ చెబుతూ ఉంటుంది. ఆమె మెడ సాచి పెద్ద కొట్టు వైపు చూసింది. ఎర్ర కోటు ఏదీ ఇటు రావడం లేదు. ప్లగ్గులు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. మళ్ళీ అటు చూసింది.

అప్పుడొచ్చింది ఒక పెద్దావిడ. ఒక్కతే. చేతిలో బోర్డింగు కాగితం నలిగిపోయేలా పట్టుకుని ఉంది.

"అమ్మాయ్, పొడుగు మేజోళ్ళు ఉంటాయటగా? అవి లేకుండా ఎక్కొద్దని మా మనవరాలు ఒట్టు వేయించుకుంది."

"ఉన్నాయమ్మా. విమానంలో గంటల తరబడి కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుందమ్మా. ఆ గడ్డ పైకి పాకితే ఊపిరికే ముప్పు. ఇవి వేసుకుంటే పిక్కల్ని పట్టి ఉంచుతాయి." కంపెనీ నేర్పిన మాటలు. ఎన్ని వందలసార్లు చెప్పిందో, నోరు దానంతటదే పలుకుతుంది.

"వేసుకోవడం ఎట్లా? నాకు నడుం వంగదు."

ఆమె కౌంటరు దాటి వచ్చి, పెద్దావిణ్ణి ఆవిడ పెట్టె మీదే కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. కూర్చోగానే నోట్లోంచి అబ్బా అని వచ్చింది. పొద్దున్నుంచీ పాదాల మీద నుంచి బరువు దిగడం అదే మొదలు. ఫోను మోగలేదు. చూశారా మీ నియమం? కొనేవాళ్ళ కాళ్ళ దగ్గరైతే కూర్చోవచ్చు. అది సేవ. దానికి కళ ఉంది.

ఒక్కో మేజోడూ మడమ దాకా చుట్ట చుట్టి, వేళ్ళకు తొడిగి, మెల్లగా పైకి లాగింది. తొందరపడలేదు. ఆ దారంతా పరుగులు పెడుతుంటే ఆమె ఒక్కతే నిదానంగా ముడతలు సరిచేసింది. సరైన ముడతల్ని కూడా మళ్ళీ సరిచేసింది.

"చల్లని చేతులమ్మా నీవి" అంది పెద్దావిడ. "నువ్వూ ఒక జత వేసుకోరాదూ? నీ కాలు వాచినట్టుంది."

"మాకెందుకమ్మా! అవి కూర్చునేవాళ్ళకి. మేం కూర్చుంటేగా!"

ఇద్దరూ నవ్వారు. ఆ మాట ఆమె హాస్యానికి అనలేదు, నిజంగానే నమ్మింది. గడ్డ కట్టడం కూర్చునేవాళ్ళ జబ్బు, నిలబడేవాళ్ళది నిలువు నొప్పి. రెండూ వేరు. రోజూ చెప్పి చెప్పి అలాగే నాటుకుపోయింది. అమ్మడానికి కావలసినంతే నేర్పారు మీరు. "అతిగా నిలబడ్డా ఇంతే, నీళ్ళు తాగకపోయినా ఇంతే" అన్న మాట మేజోళ్ళ అట్ట మీద అచ్చు వెయ్యలేదు, ఎందుకంటే నిలబడేవాళ్ళు కొనరు.

పెద్దావిడ పోయాక ఆమెకు లేవడం చేతకాలేదు. కౌంటరు అంచు పట్టుకుని ఒక్కో కాలూ కూడదీసుకుని లేచింది. నేల తుడిచే బండి తోసుకుంటూ పెద్దమ్మ అటుగా వచ్చింది. పెద్దమ్మ ఎవరికి పెద్దమ్మో ఎవరికీ తెలియదు, అందరూ అలాగే పిలుస్తారు.

"ఏమే దిండ్లూ, ఇంకా ఇక్కడే వేలాడుతున్నావా? పిల్ల డాక్టరు దగ్గర కాచుకుని ఉంటుందన్నావు కదే!"

"పది నిమిషాలట పెద్దమ్మా."

"వీళ్ళ పది నిమిషాల్లో బిడ్డ పుట్టి బడికి కూడా పోతుంది. ఏదీ, కాలు చూపించు."

పెద్దమ్మ బండిని కౌంటరుకు అడ్డం పెట్టి, తుడుపుకర్రకు గుడ్డ మారుస్తున్నట్టు కింద వంగింది. కెమెరాకు ఆమె వీపే కనిపిస్తుంది. అది వాళ్ళ పాత ఎత్తు. ఎవరికి నిలువు నొప్పి ఎక్కువైతే వాళ్ళకు పెద్దమ్మ ఇలాగే గుడ్డ మారుస్తుంది. రెండు బొటనవేళ్ళూ పిక్కలోకి దింపి, కింద నుంచి మోకాలి దాకా గట్టిగా ఒత్తుకుంటూ పోయింది.

"రాయిలా ఉందే! పళ్ళు బిగబట్టు."

"అమ్మో... ఇంకొంచెం పైకి... ఆ, అక్కడే."

"నీ మొగుడికి పరుపుల మీదున్న శ్రద్ధ పెళ్ళాం పిక్కల మీద ఉంటే నాకీ పని తప్పేది."

"ఆయన సూది తీసుకొస్తాడు పెద్దమ్మా, నీ వేళ్ళే నయం."

కాలు తేలికపడింది. ఆమె నిజంగానే హాయిగా ఊపిరి తీసుకుంది. పెద్దమ్మ బండి తోసుకుంటూ పోయింది. ఆ వేళ్ళ కింద గడ్డ కదిలిన సంగతి పెద్దమ్మకు ఎవరూ చెప్పొద్దు. తప్పు ఆ వేళ్ళది కాదు.

రిలీవరు పరుగున వచ్చేసరికి అద్దాల అవతల దీపాలు వెలిగాయి. వాన వెలిసింది. "సారీ అక్కా, సారీ, వాళ్ళు వదల్లేదు" అంటూ ఆ పిల్ల కౌంటరు వెనక్కి దూరింది. ఆమె సంచీ భుజాన వేసుకుంది. ఇప్పుడు పరుగెత్తితే ఆఖర్లోనైనా డాక్టరు దొరుకుతాడు. డ్యూటీ దిగినట్టు దారి పక్క గోడ మీది మిషనుకు కార్డు ఆనించింది. అది కుయ్ మంది.

సిబ్బంది గుమ్మం ఆ కట్టడానికి అటు చివర. దారి పొడుగునా కుర్చీలే. నల్లవి, మెత్తవి, చేతులు ఆనించుకునేవి, వరసలు వరసలుగా ఖాళీగా. మొదటి వరస దాటింది. ఆయాసం వచ్చింది. లవంగం ఉమ్మేసి నోటితో గాలి పీల్చింది. రెండో వరస దగ్గర ఛాతీలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. తిండి లేక కాబోలు, అనుకుంది. పొద్దుటి నుంచీ ఏం తిన్నాను గనక! ఇంకో పది అడుగులు వేసి ఆగిపోయింది. గాలి లోపలికి పోతోంది కానీ చాలడం లేదు. ఎంత పీల్చినా చాలడం లేదు.

యూనిఫాంలో ఉన్నవాళ్ళు ప్రయాణికుల కుర్చీల్లో కూర్చోకూడదు. ఆ సంగతి ఆ స్థితిలో కూడా ఆమెకు గుర్తుంది! సంచీలోంచి తన సొంత స్వెట్టర్ తీసింది. వంకాయరంగుది, మోచేతుల దగ్గర కూతురు అతుకులు వేసింది. దాన్ని ఎర్ర కోటు మీద తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుంది. కూర్చోకూడనిది కోటు. స్వెట్టర్ కూర్చోవచ్చు. అప్పుడు గేటు పక్క వరసలో చివరి కుర్చీలో వెనక్కి వాలింది.

చుట్టూ జనం లేచి వరసకట్టారు. బోర్డు మీద ఆలస్యం అన్న మాట పోయింది. పెట్టెల చక్రాలు గరగరమన్నాయి. ఎవరో ఆమె పాదాలు దాటబోతూ "కొంచెం కాళ్ళు తీస్తారా" అన్నారు. తీయలేదని పక్కనుంచి పోయారు. వరస సన్నబడింది. ఆగిపోయింది. కుర్చీలు ఖాళీ అయ్యాయి, ఒక్కటి తప్ప.

టికెట్లు చూసే గేటు పిల్ల గబగబా వచ్చి ఆమె మీదకు వంగింది.

"అమ్మా, లేవండి. ఆఖరి పిలుపు. మీ ఫ్లైటు పోతుంది."

భుజం తట్టింది. తల కొంచెం పక్కకు ఒరిగింది. నిద్రలో ఒరిగినట్టే ఉంది. గేటు పిల్ల ఇంకోసారి తట్టి, స్వెట్టర్ కింద ఎర్ర కోటు అంచు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

వీధి డాక్టరు దగ్గర ఆమె పేరు రెండుసార్లు పిలిచారు. కూతురు రెండుసార్లూ లేచి, "వస్తోందండీ, దారిలో ఉంది" అంది. తర్వాత డాక్టరు సంచీ సర్దుకుని పోయాడు. కూతురు అన్నమాట ప్రకారం ఎయిర్‌పోర్టు గుమ్మం ముందుకు వచ్చింది. అరిచింది. ఆ రాత్రి వాన లేదు, అయినా ఎవరికీ వినపడలేదు.

మర్నాడు మీరు మాట్లాడారు. "ఆ సమయానికి ఆమె డ్యూటీలో లేదు. కొట్టులో లేదు. యూనిఫాంలోనూ లేదు." కుయ్ మన్న మిషను సాక్ష్యం చెప్పింది, స్వెట్టర్ సాక్ష్యం చెప్పింది. పూలదండ పంపి చేతులు కడుక్కున్నారు. పరుపులు కుట్టే మనిషి ఆ దండను గుమ్మం లోపలికి రానివ్వలేదు.

దండలు వద్దు, సంతాపాలు వద్దు, విచారణ సంఘం అసలే వద్దు. కుర్చీ వెయ్యండి. దాహమేస్తే నీళ్ళు తాగి, పోవలసిన చోటికి పోయి రావడానికి ప్రతి కౌంటరుకూ రెండో మనిషిని పెట్టండి. వచ్చే నెలా కాదు, మీ సమావేశం తర్వాతా కాదు. ఇవాళే, సాయంత్రం పూట మారే లోపలే. వెయ్యకపోతే కొట్లలో నిలబడేవాళ్ళంతా ఒక్క నిమిషంలో కింద కూర్చోవాలి, సెంట్ల పిల్లా, పుస్తకాల ముసలాయనా, ఫ్లోర్ సారుతో సహా, అన్ని కెమెరాల ఎదుటా. ఎంతమందికి ఫోను చేస్తారో చూద్దాం.

కుర్చీ ఎక్కడ వెయ్యాలో అంటారా? ఆ కౌంటరు వెనక నేల మీద ఒక నల్ల రబ్బరు పట్టా పరిచి ఉంది. ఇప్పుడు కొత్త పిల్ల ఒకతి దాని మీద నిలబడుతోంది. ఆమెను కాస్త పక్కకు జరగమనండి, కనిపిస్తుంది: పట్టాలో పక్కపక్కనే రెండు పాదాల మేర రబ్బరు అరిగి గుంటలు పడింది, ఎడమది పైపైన, కుడిది నేల కనిపించేంత లోతుగా.